తూట్ల పొయ్యి

ఆ వానాకాలమంతా నేను మా తోటికోడలిని చూసి కుళ్ళుకుంటూ గడిపాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, నా స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు. కర్దనూరులో నా అంత బాగా పొయ్యి ముట్టించే మనిషి లేదు. తడిసిన తుమ్మకట్టె అయినా సరే, గొట్టం పట్టి రెండుసార్లు ఊదానంటే అంటుకుని తీరవలసిందే. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు కూడా గాడిపొయ్యి ముట్టించడానికి నన్ను పిలుచుకుపోయేవాళ్ళు. అలాంటి నా చేతికి లొంగని పొయ్యి ఒకటి మా ఇంటికే వచ్చింది. అదీ నా తోటికోడలి అన్న చేతుల మీదుగా వచ్చింది. ఇక కుళ్ళుకోక ఏం చేయను?

అది రెండువేల ఏడో సంవత్సరం. మా అత్త కౌసల్యమ్మ గడ్డపోతారంలోని ఒక మందుల కంపెనీకి మధ్యాహ్నం భోజనాలు వండి పంపేది. పేరు ఆమెది, వంట నాది. మా ఆయన పోచయ్య, మరిది అంజయ్య ఇద్దరూ ఆ కంపెనీలోనే షిఫ్టులు చేసేవాళ్ళు. ఇంటి వెనక రేకుల కొట్టంలో కట్టెల పొయ్యిల మీద నేను వండితే, అన్నం, పప్పుచారు, కూర ఆటోలో వెళ్ళేవి.

ఎండలు ముదిరిన రోజుల్లో, కంపెనీలో క్యాంటీను వ్యవహారాలు చూసే వెంకటరామయ్య సారు మా ఇంటికి వచ్చారు. పప్పుచారు పొగ వాసన వస్తోందని పనివాళ్ళు గొడవ చేస్తున్నారన్నారు. మేము ఏదో సర్దిచెప్పబోయేలోగా ఆయనే ఇంకో మాట చెప్పారు. దసరాకల్లా కంపెనీ లోపలే వంటశాల కడుతున్నారట. అక్కడ రంపపు పొట్టు, పల్లీ పొట్టు కలిపి ఒత్తిన గుళికలతో మండే పొయ్యి పెడతారట. అలాంటిదే చిన్నది ముందు ఇంట్లో పెట్టుకుని, పొగ రాకుండా మండించడం నేర్చుకుంటే క్యాంటీను మాకే ఇస్తారట. ఇంట్లోంచి ఒక మనిషి మాత్రం రోజూ వచ్చి అక్కడ పెత్తనం చూసుకోవాలన్నారు.

"మా పెద్దకోడలు వస్తది సారూ. పొయ్యి కాడ దాన్ని మించినోళ్ళు లేరు" అంది అత్త, ఆలోచించకుండా.

ఆ మాటతో నేను అప్పుడే బస్సెక్కి కూర్చున్నాను. కంపెనీ బస్సు రోజూ పొద్దున మా ఇంటి ముందే ఆగేది. మెడలో ఫోటో కార్డులు వేసుకున్న ఆడవాళ్ళు కిటికీల పక్కన కూర్చుని, వాకిట్లో చాట పట్టుకుని బియ్యం చెరుగుతున్న నన్ను చూస్తూ వెళ్ళిపోయేవాళ్ళు. నా బతుకంతా ఆ కొట్టానికీ ఆ వాకిలికీ మధ్యనే గడిచింది. నాకు ఆ కిటికీ పక్క సీటు కావాలి, ఆ కార్డు కావాలి. దేవుణ్ణి అంతకు మించి ఏమీ అడగలేదు.

పొయ్యిని తయారుచేసి తెచ్చినవాడు బర్నబా. బొల్లారంలో వెల్డింగు పని చేస్తాడు, నా తోటికోడలు గ్రేస్‌కు సొంత అన్న. గ్రేస్ మా అంజయ్య ప్యాకింగు సెక్షనులో చూసి ఇష్టపడి చేసుకున్న పిల్ల, చర్చికి వెళ్ళే కుటుంబం. పెళ్ళై ఏడాది దాటినా అత్త ఆమెను పేరు పెట్టి పిలిచేది కాదు. "ఓ పిల్లా" అనేది, లేదంటే "అంజిగాని పెండ్లాం" అనేది. వంట కొట్టంలో అడుగు పెట్టనిచ్చేది కాదు. బయట నల్లా దగ్గర గంజులు తోమడం వరకే ఆ పిల్ల పని. నేను రానివ్వమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నా పొయ్యి నాకుంది, మిగతా గొడవ నాకెందుకు?

బర్నబా తెచ్చింది నడుమెత్తు ఇనప పీపా. లోపల మంటకు ఓర్చుకునే ఇటుక పేర్చాడు. కింద చిన్న ఫ్యాను, దాని వేగం పెంచడానికీ తగ్గించడానికీ ఒక మీట. పీపా మెడ చుట్టూ చిటికెన వేలు కూడా దూరని సన్న తూట్లు ఉన్నాయి. అత్త దాని చుట్టూ తిరిగి చూసి, కొత్త పొయ్యికి ఇన్ని తూట్లేందని మూతి విరిచింది. బర్నబా అరుగు మీద కూర్చున్న మగవాళ్ళకు ఏదో వివరించాడు. నేను చాయ్ పోసే హడావుడిలో ఉన్నాను, కింది గాలి నిప్పుకు, మీది గాలి పొగకు అన్న ముక్క ఒకటి చెవిన పడింది. గ్రేస్ మాత్రం అన్న పక్కనే నిలబడి మొత్తం విన్నది. తర్వాత అతను గుళికలు పోసి ముట్టించాడు. కాసేపు తెల్లటి పొగ లేచి, అది కూడా పోయి, నీలం అంచుతో మంట గుమ్మని నిలబడింది. మా ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నాకు ఆ చప్పట్లు నచ్చలేదు.

ఆ గుళికలు చూడ్డానికి అచ్చం మేక పెంటికల్లా ఉండేవి, ఇంట్లో మేము వాటిని పెంటికలనే అనేవాళ్ళం. అత్తకు అవీ నచ్చలేదు, ఆ ఇనప పీపా వాలకమూ నచ్చలేదు. అన్నం ఉడికే చోటు పొయ్యిలాగా ఉండాలని, పీపా చుట్టూ తూట్ల కింది దాకా మట్టి మెత్తించింది. అప్పుడు దానికి కాస్త మన ఇంటి కళ వచ్చింది.

నేనొక్కదాన్నే దాని మీద వండుతాననుకున్నాను. అత్త అలా అనుకోలేదు.

"నెలకు మూడొద్దులు నువ్వు బయట కూసుంటవు. గప్పుడు పొయ్యి ఎవలు ముట్టియ్యాలె? నా మోకాళ్ళు ఒంగుతలేవు. అంజిగాని పెండ్లాం గూడ నేర్సుకోని" అంది.

అలా గ్రేస్ కొట్టంలోకి వచ్చింది. రోజు విడిచి రోజు వంతు. నా వంతు నాడు నేను చీకటితోనే లేచి, ఎర్రమట్టి పలచగా కలిపి, పొయ్యిని కింది నుంచి మెడ దాకా అలికి, అంచు వెంట ముగ్గు పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, ఆ తర్వాతే ముట్టించేదాన్ని. అలకని పొయ్యి మీద వండిన కూడు నేనెప్పుడూ ఎవరికీ పెట్టలేదు. మొదటి రోజు గ్రేస్ కూడా అలుకుగుడ్డ తడిపి పట్టుకుంటే అత్త లాక్కుంది. అలుకు ముట్టొద్దని, అది తమ పద్ధతని, పెద్దకోడలు చూసుకుంటుందని చెప్పింది. గ్రేస్ తల దించుకుని చేతులు కడుక్కుంది. నాకు ఆ మాట చల్లగా తగిలింది.

వారం తిరక్కముందే ఆ చల్లదనం కాస్తా ఆవిరైపోయింది. నా వంతు నాడు మంట పసుప్పచ్చగా, నీరసంగా లేచేది. కాసేపటికి కొట్టం నిండా పొగ కమ్మి, కళ్ళు మండి, గంజుల అడుగున మసి అట్టలు కట్టేది. గ్రేస్ వంతు నాడు అదే పొయ్యి, అవే పెంటికలు, మంట మాత్రం నీలంగా నిలబడేది. అన్నం తొందరగా ఉడికేది. అత్తకు కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. వంట అయ్యాక నల్లా దగ్గరకు వచ్చి, గంజు బోర్లించి, బొటనవేలితో అడుగు రాసి చూసేది. నా వంతు నాడు ఆ నల్లటి వేలు నా మొహం ముందు పెట్టి వెళ్ళిపోయేది.

ఒకరోజు గ్రేస్ గంజుకు అలాగే వేలు రాసి, వేలు చూసుకుని, "గ్రేసమ్మా, నీ చెయ్యి మంచిదే" అంది.

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. గ్రేస్ పీచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆ రోజు నుంచి ఆ పిల్లలో ఏది చూసినా నాకు మంటే. నడుస్తుంటే చప్పుడు కాకపోవడం, కొంగు దోపుకునే తీరు, జుట్టు ముడిలో పెట్టుకునే నీలం పూస జడపిన్ను, అన్నిటి మీదా కోపమే. అత్త చాయ్ పోస్తే మొదటి గ్లాసు ఆమెకు వెళ్తోంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆమెను అడుగుతోంది. పక్కింటి పోశమ్మ పనిగట్టుకుని వచ్చి నీలం మంట చూసి, చిన్నకోడలు వచ్చిన వేళ మంచిదని అత్తతో అని పోయింది. ఇన్నేళ్ళు నా చేత పొయ్యి ముట్టించుకున్న పోశమ్మే ఆ మాట అంది.

అన్నిటికంటే నన్ను కాల్చింది ఇంకొకటుంది. మా ఆడబిడ్డ నాగేశ్వరి పుట్టింటికి వచ్చినప్పుడల్లా అత్త వాకిట్లో ఆమెను ముందు కూర్చోబెట్టుకుని, తలకు నూనె రాసి దువ్వేది. నేను ఆ ఇంటి తాళాలు, బియ్యం గుమ్మి చూసుకునే మనిషిని. నా తల మీద ఆమె చెయ్యి ఎన్నడూ పడలేదు. నేను అడగనూ లేదు, తాళాలు చాలనుకున్నాను. బోనాలకు నాగేశ్వరి వచ్చినప్పుడు, ఆమె తల దువ్వుతూనే అత్త పక్కన కూర్చున్న గ్రేస్ జుట్టు పట్టుకుని చూసి, ఎంత ఒత్తుగా ఉందో అంది. ఊరికే అన్న మాటే. నేను మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

నేను ఊరికే కూర్చునే రకాన్ని కాదు. పెంటికలు జల్లెడ పట్టి పొడి వేరు చేశాను. ముసురుకు మెత్తబడ్డాయేమోనని, ఎండ వచ్చినప్పుడల్లా గోనెపట్టా మీద ఆరబోశాను. ఫ్యాను పెంచితే బూడిద ఎగిరి అన్నంలో పడింది, తగ్గిస్తే మంట చచ్చిపోయింది. ఒకేసారి పోయకుండా పిడికెడు పిడికెడు పోసి చూశాను. లోపల ఇటుకకు గడ్డకట్టిన బూడిద చిట్టెం సీకుతో కొట్టి తీశాను. ప్రతిదానికీ కొంచెం మారినట్టే ఉండేది, మళ్ళీ పొగే. పొయ్యికి నేనేదో లోటు చేస్తున్నానని భయం పట్టుకుంది. అందుకని అలుకు ఇంకా దట్టంగా, ఇంకా శ్రద్ధగా పెట్టాను, ముగ్గులో గీత కూడా తప్పనివ్వలేదు. అంత చేసినా అది నా మొహాన పొగ ఊదుతూనే ఉంది.

బర్నబాను పిలిపించమని మా ఆయన్ను పోరాను. అతను ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చాడు. నా ఖర్మకు ఆ రోజు గ్రేస్ వంతు. పొయ్యి మంచిపిల్లలా నీలంగా మండుతోంది. బర్నబా పీపా మెడ మీది ఎర్రమట్టి మీద వేలు పెట్టి చూశాడు, ముగ్గు చూసి నవ్వాడు. "పొయ్యికి ముస్తాబు మంచిగ చేసిండ్రు, గని..." అంటూ చెల్లెలి వైపు చూశాడు. గ్రేస్ మొహం పక్కకు తిప్పుకుంది. బర్నబా మిగతా మాట మింగి, పొయ్యి బాగానే ఉందని చెప్పి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. నేను అది చూశాను. అన్నాచెల్లెళ్ళ మధ్య ఏదో ఉంది.

వినాయక చవితి దాటాక వెంకటరామయ్య సారు కబురు పంపారు. దసరా ముందు రోజు వచ్చి, పొయ్యి ఎలా మండుతుందో చూసి, క్యాంటీను సంగతి తేలుస్తారట. అత్త మమ్మల్నిద్దరినీ పిలిచి, ఎవరి చేతిలో మంచిగా మండితే వాళ్ళే బస్సెక్కుతారంది.

"మరి సారుకు నా పేరు చెప్తివి గద" అన్నాను.

"చెప్పిన. గప్పుడు పొయ్యి వేరు" అంది అత్త.

నా సీటు, నా కిటికీ, నా కార్డు, అన్నీ ఆ పిల్ల ఒళ్ళోకి జారిపోతున్నాయి. కొట్టం వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఏడుస్తుంటే పోశమ్మ వచ్చి, వాళ్ళు ప్రార్థన చేసి ముట్టిస్తారేమో చూడమని చెవిలో ఊదింది. నాకు అప్పటిదాకా తట్టనేలేదు. ప్రార్థనే అయి ఉంటుంది. ఆ రోజు బర్నబా మాట మింగిందీ అందుకే. నా పసుపు కుంకుమలు ఓడిపోయి ఆమె ప్రార్థన గెలుస్తోందన్న ఆలోచన నన్ను పడుకోనివ్వలేదు.

మర్నాడు గ్రేస్ వంతు. ఇంకా వెలుతురు పూర్తిగా రాలేదు. నేను చెప్పుల్లేకుండా కొట్టం దాకా వెళ్ళాను. గ్రేస్ పొయ్యి ముందు మోకాళ్ళ మీద ఉంది. తల వంచి, మొహం పీపా మెడకు ఆనించినట్టు పెట్టుకుంది. విరబోసిన జుట్టు వీపంతా పరుచుకుంది. అనుకున్నదే నిజమైందని దగ్గరకు వెళ్ళాను.

ప్రార్థన కాదు. ఆమె చేతిలో నీలం పూస జడపిన్ను ఉంది. ఒక్కో తూటులో దాన్ని దూర్చి తిప్పుతోంది. ముందురోజు నేను అలికిన ఎర్రమట్టి గట్టిపడి తూట్లన్నీ మూసుకుపోయాయి. ఆమె తోడుతుంటే పొడి రాలుతోంది, దాన్ని ఒళ్ళో కొంగులో పట్టుకుంటోంది, కింద పడి ఎవరికీ కనిపించకుండా. నా అలికిడి విని తలెత్తింది.

"ఎప్పటి సంది?" అన్నాను.

"మొదటి సంది. మీది గాలి తలుగకపోతే పొగ కాలదక్కా. అన్న చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలె?"

ఆమె ఒళ్ళోని పొడిని కొంగులో మూట కట్టింది.

"నీకు చెప్తే నీ చేతిల గూడ గిట్లనే మండుతది. ఇగ అత్తమ్మ నాతోని ఎందుకు మాట్లాడతదక్కా?" అంది.

ఇంట్లోంచి అత్త దగ్గు వినిపించింది. అందరినీ లేపి, అక్కడికక్కడే ఆ కొంగు మూట విప్పించాలని నోరు తెరిచాను. ఏమని చెప్పాలి? పొగకు కారణం నా అలుకేనని చెప్పాలి. ఆ పిల్లను ముట్టనివ్వని పని, నేనొక్కదాన్నే గర్వంగా చేసిన పని, అదే పొయ్యి గొంతు నులిమిందని చెప్పాలి. పోశమ్మ వచ్చే ఏడు దసరా దాకా నవ్వుతుంది. నేను నోరు మూసుకుని వచ్చేశాను. గ్రేస్ మీద జాలిపడి ఊరుకున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం.

నా వంతు నాడు ఎప్పటిలాగే అలికి ముగ్గు పెట్టి, ఎవరూ చూడకుండా నా పిన్నుతో తూట్లన్నీ తెరిచాను. ముట్టించాను. మంట నీలంగా, నిటారుగా లేచి గుమ్మంది. ఎన్నాళ్ళకో నా నిప్పు నా దగ్గరకు తిరిగి వచ్చినట్టనిపించి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పొగ లేకుండా కారిన నీళ్ళు అవి. నల్లా దగ్గర అత్త గంజు బోర్లించి వేలు రాసింది. వేలు శుభ్రంగా ఉంది. చుట్టూ చూసింది.

"ఇయ్యాల గ్రేసమ్మ ముట్టిచ్చిందా?"

"నేనే."

"గట్లనా. దాన్ని సూసి నేర్సుకున్నట్టున్నవు" అంది.

మంట నా చేతికి వచ్చినా మెప్పు ఆమె ఖాతాలోకే పోయింది. ఇక నేను గెలిచే దారి ఒకటే మిగిలింది. దసరా ముందు రోజు లెక్క ప్రకారం నా వంతు వస్తోంది. సారు కళ్ళ ముందు, నా చేత్తో, నీలం మంట లేవాలి. అంతకు ముందు రాత్రే పిన్ను తలగడ కింద పెట్టుకున్నాను.

ఆ పొద్దున ఇంటిల్లిపాదీ తలంటు పోసుకున్నాం. నేను తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని కొట్టంలోకి వచ్చేసరికి అత్త అప్పటికే పొయ్యి దగ్గర ఉంది. ఆయుధపూజ కదా, పైగా సారు వస్తున్నారు కదా అని, ఒంగని మోకాళ్ళు ఒంచుకుని తానే అలికేసింది. పేడ, ఎర్రమట్టి కలిపి బాగా చిక్కగా, మెడ పైదాకా మెత్తి, ముగ్గులు పెట్టి, బంతిపూల దండ వేసింది. తూట్లు ఉన్న జాడ కూడా లేదు. నేను పిన్ను కోసం పరిగెత్తబోయాను. అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. సారు ఇద్దరు మనుషులతో లోపలికి వచ్చి, ఇంకో చోటికి వెళ్ళాలని, జల్దీ ముట్టించమని అన్నారు.

అత్త మట్టి చేతులతో, మొహం వెలిగిపోతూ, పక్కనే నిలబడింది. ఆమె పూజ చేసిన పొయ్యిని ఆమె కళ్ళ ముందే గోళ్ళతో గీరే ధైర్యం నాకు రాలేదు. దేవుడి మీద భారం వేసి ముట్టించాను. మంట పసుప్పచ్చగా లేచింది. కాసేపటికి పొగ బంతిపూల మధ్య నుంచి సుడులు తిరుగుతూ వచ్చింది. సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. వచ్చిన ఇద్దరూ దగ్గుతూ బయటికి నడిచారు.

"చిన్నదాన్ని పిలువుండ్రి" అంది అత్త.

గ్రేస్ గడపలోనే ఉంది. ఆమె ఏమీ చేయనక్కర్లేదు. ఈ రోజు అక్క వంతు, రేపు నా వంతు, రేపొచ్చి చూడండి సారూ అంటే చాలు, క్యాంటీను ఆమెది, బస్సు ఆమెది, అత్త ఆమెది. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. నా వైపు ఒకసారి చూసింది. తర్వాత ముడిలోంచి జడపిన్ను లాగింది, జుట్టు భుజాల మీద జారింది. అందరి ముందూ పొయ్యి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తడిమట్టిలో తూటు వెతికి పిన్ను దూర్చింది.

"పూజ చేసిన పొయ్యిని ఏం జేస్తున్నవే?" అంది అత్త.

గ్రేస్ తల తిప్పలేదు. "తూట్లు మూసుకపోతే పొగే వస్తది అత్తమ్మా. అక్క చేతిల తప్పేం లేదు. నేను రోజు గివి తోడి ముట్టిస్తున్న, గంతే. నా చెయ్యి మంచిది గాదు" అంది.

ఒక్కో తూటు తెరుచుకున్న కొద్దీ లోపల ఒక్కో నీలం నాలుక లేచింది. పసుపు మంట అంచు నుంచి మారుతూ వచ్చింది. పొగ పలచబడి, పోయింది. ఆ క్షణంలో నాకు ఆమె మీద ప్రేమ పుట్టిందని చెబితే అబద్ధమవుతుంది. నాకు పుట్టింది కుళ్ళే, అప్పటిదాకా పడ్డదానికంటే పెద్ద కుళ్ళు. నా చేతిలో తప్పు లేదన్న మాట చెప్పింది నేను కాదు, ఆమె. ఆమె పిన్ను సంగతి నా దగ్గర ఇన్నాళ్ళూ ఉంది, దాన్ని నా పరువు కోసం దాచుకున్నాను. ఆమె తనకున్న ఒక్క మెప్పునూ నలుగురి ముందు విప్పి పడేసింది. మంచిపని కూడా నాకంటే ముందు తనే చేసేసింది. ఇక ఆ పిల్లను మనసారా తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

అత్త తన మట్టి చేతులకేసి చూసుకుంటూ నిలబడింది. సారు దగ్గరకు వచ్చి మంట చూసి, బాగుందని, మరి మీలో ఎవరు వస్తారని అడిగారు. అత్త చేతులు కొంగుకు తుడుచుకుంది.

"చేతి మహిమ ఏం లేకపాయె. ముందు చెప్పినట్టు పెద్దదే వస్తది" అంది.

దీపావళి వెళ్ళాక నేను బస్సెక్కాను. కిటికీ పక్కనే సీటు దొరికింది. కార్డులో ఫోటోకు కళ్ళు మూసుకుపోయాయి, అయినా మెడలో వేసుకుంటే బరువుగా, బాగుండేది. కంపెనీ పొయ్యి మా పొయ్యికి నాలుగింతలు. దానికి అలుకు లేదు, ముగ్గు లేదు, రోజూ తూట్లు తుడిచి, చిట్టెం తీసి, ఫ్యాను సరిచూసి నేనే ముట్టించేదాన్ని. మసి అన్నది లేదు. నలుగురు పనివాళ్ళు నన్ను మేడమ్ అనేవాళ్ళు. మా ఆయన కూడా భోజనం గంటలో వరుసలో నిలబడి నా చేత వడ్డించుకునేవాడు.

మొదటి రోజు సాయంత్రం బస్సు దిగుతూ, ఇంట్లో వాళ్ళకు చెప్పాల్సినవన్నీ నోటి నిండా పెట్టుకుని వచ్చాను. వాకిట్లో అత్త అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె కాళ్ళ దగ్గర గ్రేస్. అత్త ఆమె తలకు నూనె రాసి, పాయలు విడదీసి, నెమ్మదిగా దువ్వుతోంది. నీలం పూస పిన్ను అత్త పళ్ళ మధ్య ఉంది. పొయ్యిని తూట్ల కింది దాకా ఎలా అలకాలో, ముగ్గు ఎక్కడ ఆపాలో మాట్లాడుకుంటున్నారు. అలుకు కూడా ఇప్పుడు గ్రేస్‌కే ఇచ్చిందన్నమాట. మధ్యలో ఏదో అని ఇద్దరూ నవ్వారు. నన్ను చూసి అత్త, కాళ్ళు కడుక్కుని అన్నం తినమంది. బస్సు గురించి అడగలేదు, కార్డు చూపించమనలేదు.

కోరుకున్నది నాకు దక్కింది. ఆమె కోరుకున్నది ఆమెకు దక్కింది. ఆ రెండిట్లో ఏది పెద్దదో అక్కడ నిలబడి చూస్తుంటే నాకు తెలిసిపోయింది.

సంచీ కింద పెట్టాను. కాళ్ళు కడుక్కోలేదు. నేరుగా వెళ్ళి అరుగు ముందు, గ్రేస్ పక్కన, కింద కూర్చుని నా ముడి విప్పేశాను. జుట్టంతా పల్చబడిపోయింది, ఒత్తుగా ఉందని ఎవరూ అనరు. గ్రేస్ కంగారుగా లేచి అత్త చేతిలోంచి దువ్వెన అందుకోబోయింది.

"నేను దువ్వుత, ఇటు తిరుగు అక్కా."

"నువ్వు గాదు. అత్తమ్మ దువ్వాలె" అన్నాను.

అత్త పళ్ళ మధ్య నుంచి పిన్ను తీసి గ్రేస్ చేతిలో పెట్టి, ఆమెను కొంచెం జరగమంది. నా మెడలోని కార్డు తాడు పక్కకు తీసి, అరచేతిలో నూనె పోసుకుంది.